అంతరిక్షం అంత చల్లగా ఉంటుంది కదా, నౌకలో కరెంటు పుట్టించే యంత్రాన్ని ఎందుకంత వేడిగా నడుపుతారు?

"బయట అంత చలి ఉన్నప్పుడు వేడి దానంతటదే పోతుంది కదా" అని అడిగారు మీరు. పోదండీ. రాయగడ జిల్లాలో ఒక ఫ్యాక్టరీ పవర్ హౌస్‌లో పంతొమ్మిదేళ్లు షిఫ్టులు చేసినవాణ్ని, గట్టిగా చెబుతున్నాను.

ఒక వైశాఖమాసం సాయంత్రం గాలివాన కొట్టి వెళ్లింది. అరగంటకి, టర్బైన్ వదిలిన ఆవిరిని నీళ్లతో చల్లార్చే కండెన్సర్‌లో వ్యాక్యూమ్ పడిపోవడం మొదలైంది. బాయిలర్ భగభగ మండుతోంది, స్టీమ్ ప్రెషర్ నిక్షేపంలా ఉంది, లోడ్ మాత్రం దిగిపోతోంది. నేను బాయిలర్ వైపు పరిగెత్తాను. మా ఫోర్‌మన్ గారు కూలింగ్ టవర్ వైపు వెళ్లారు. పంపుకి నీళ్లందే జాలీ నిండా టేకాకులు, బురద. చేతులతో లాగుతుండగానే టర్బైన్ ట్రిప్పయి అంతా చీకటి. ఆ చీకట్లోనే ఆయనన్నారు: "నిప్పు రాజెయ్యడం ఎవడికైనా వచ్చురా. వేడిని సాగనంపడం రావాలి."

అంతరిక్షంలో ఆ సాగనంపడమే కష్టం. అక్కడ మా నాగావళి నీళ్లు లేవు, గాలి లేదు. రేడియేటర్ రేకుల మీంచి కిరణాలుగా పోవాల్సిందే. 27 డిగ్రీల దగ్గర రేకు వదిలే వేడికి 327 డిగ్రీల దగ్గర పదహారు రెట్లు వదులుతుంది. అసలు వేడే లేని చోటు నుంచి లెక్కపెట్టే కెల్విన్ కొలతలో చూస్తే అది 300 నుంచి 600, రెట్టింపు. రేకు వదిలే వేడి ఆ కొలతకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది: 2×2×2×2, పదహారు. అంటే రేకు పదహారో వంతుంటే చాలు, బరువు తగ్గుతుంది. కరెంటు పుట్టేది యంత్రంలో వేడి వైపుకీ చల్లటి వైపుకీ తేడా ఉంటేనే. రేకులుండే చల్లటి వైపే అంత ఉంటే వేడి వైపు ఇంకా ఎంతో ఎక్కువుండాలి. 1977లో వెళ్లిన వాయేజర్ నౌకల ప్లుటోనియం జనరేటర్లలో అది సుమారు 1000 డిగ్రీలు. అంత వేడికి ఆగాలనే, వేడిని కరెంటుగా మార్చే పదార్థంగా సిలికాన్-జెర్మేనియం వాడారు. ఒక్కో నౌకలో మూడు జనరేటర్లు కలిసి 7000 వాట్లకు పైగా వేడి పుట్టిస్తే, మొదట్లో చేతికొచ్చిన కరెంటు దాదాపు 470 వాట్లు. మిగతాదంతా రెక్కల మీంచి బయటికి పోయిందే! 1965లో అమెరికా అంతరిక్షంలోకి పంపిన అణు రియాక్టర్ స్నాప్-10ఎ బొమ్మ చూడండి: కొసనున్న చిన్న డబ్బాయే రియాక్టర్, కింద గరాటులా విచ్చుకున్నదంతా రేడియేటరే.

అయినా టీవీవాళ్లు రియాక్టర్ గురించే ఊదరగొడతారు, రేడియేటర్ పేరెత్తరు. ఫ్యాక్టరీలోనూ అంతే. మెప్పు బాయిలర్ వాళ్లకి, తిట్లు నీళ్ల పంపు కుర్రాళ్లకి. బరంపురంలో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు కూడా టర్బైన్ పాఠం బట్టీపట్టి కండెన్సర్ పాఠం వదిలేశాడు, పరీక్షలో రాదట. దసరా సెలవులకి వస్తే ముందు కూలింగ్ టవర్ దగ్గరికే తీసుకెళ్తాను.