బాడుగలు పెరిగిపోయాయి, కారు కొనేద్దామా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి, కొర్లగుంట. మా ఆయన ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. నేను ఇంట్లోనే జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. ఇద్దరిదీ కలిపితే నెలకు 52 వేలు. ఇల్లు సొంతమే. పాప బెంగళూరులో చదువుతోంది. అత్తగారికి 67 ఏళ్లు, రెండు నెలలకోసారి వేలూరు ఆస్పత్రికి తీసుకుపోతాం. కరోనా ముందు వేలూరికి పోయి రావడానికి కారు బాడుగ 2,400. ఇప్పుడు 3,800 అంటున్నారు. ఆటో, మెకానిక్కు, మిషను రిపేరు, ఏది పట్టుకున్నా అంతే. తిరుపతిలో ఇల్లుంటే చుట్టాల సంగతి చెప్పేదేముంది! క్రెడిట్ కార్డు మీద 46 వేలు పేరుకుపోయింది, నెలనెలా మినిమం డ్యూ 2,300 దాకా కడుతున్నాం. మామగారి పీఎఫ్ డబ్బు 6 లక్షలు అత్తగారి పేరు మీద ఎఫ్‌డీలో ఉంది, వచ్చే నెల మెచ్యూర్ అవుతుంది. అందులో నాలుగున్నర లక్షలు తీసి సెకండ్ హ్యాండ్ కారు కొంటే ఈ బాడుగల బాధ పోతుందని మా ఆయన అంటున్నారు. అత్తగారూ సరే అన్నారు. ఈ రేట్లు మళ్లీ దిగుతాయా? కారు కొనమంటారా? 2019 డైరీ, నిరుటి డైరీ ఫొటోలు తీసి పంపుతున్నాను.

జవాబు: అమ్మా, ముందు ఆ డైరీలకు మీకు దండం పెట్టాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది 'ఖర్చులు బాగా పెరిగాయండీ' అంటారు, ఎంత పెరిగాయంటే గోడ వైపు చూస్తారు. మీరు 'పెదనాన్న వాళ్లు: ఆటో 250, ఇడ్లీ 180, కొండకి జీపు, లడ్డూ కవర్లు' అని కూడా రాశారు. అందుకే ఈ జవాబు ఊహతో కాక లెక్కతో రాయగలుగుతున్నాను.

రేట్లు దిగుతాయా అన్నారు. దిగవు. మా వీధి సెలూన్లో రేట్ల బోర్డు మీద కటింగ్ అంకె పైన తెల్లకాగితం అంటించి కొత్త అంకె రాశారు. మొన్న దాని అంచు లేచి ఉంటే గోరుతో గీకి చూశాను, కింద ఇంకో కాగితం, దాని కింద పెయింటుతో రాసిన పాత అంకె. మదనపల్లె టమాట అట్లా కాదు. 2023 జూలైలో కిలో వంద దాటి ఊరందరినీ ఏడిపించింది, సెప్టెంబరుకల్లా కొనే నాథుడు లేక పడిపోయింది. పంట వస్తే ధర దిగుతుంది. సెలూన్ కుర్రాడి జీతం, షాపు అద్దె, డ్రైవరు ఇంటి ఖర్చు ఒకసారి పెరిగాక వెనక్కి రావు కదా. లాక్‌డౌన్‌లో బండి ఇంటి ముందు నిలబెట్టి వాయిదాలు కట్టినవాళ్లు, రోడ్లు తెరిచాక ఆ నష్టమూ రేటులో కలిపారు. జనం కూడా మళ్లీ ప్రయాణాలు మొదలవగానే అడిగినంతా ఇచ్చారు. ఆ రేటే ఖాయమైపోయింది.

2025 అక్టోబరులో చిల్లర ద్రవ్యోల్బణం, అంటే జనం కొనే సరుకుల ధరలు ఏడాదిలో పెరిగిన రేటు, 0.25 శాతానికి పడిందని పేపర్లో చదివి మీవారు నవ్వారని రాశారు. అంకె నిజమే. 2022 ఏప్రిల్లో అదే 7.79 శాతం. కానీ దాన్ని లెక్కగట్టిన అప్పటి ధరల సూచీలో నూటికి దాదాపు 46 పాళ్లు తిండి సరుకులవి. అంతకు ముందటేడుతో పోలిస్తే కూరగాయలు, పప్పులు చవక కావడంతో మొత్తం అంకె కిందికి వచ్చింది. వేలూరు బాడుగ తగ్గిందని దాని అర్థం కాదు. పైగా 0.25 అంటే అంతకు ముందటేడు కంటే అంతే పెరిగిందని. 2019 ధరకు దిగిందని ఎవరూ అనలేదు.

ఇప్పుడు మీ డైరీ. 2019లో ప్రయాణాలు, చుట్టాలు, రిపేర్లు అన్నీ కలిపి 33,500. నిరుడు 71,700. రెట్టింపు దాటింది. మీరు దీన్నంతా 'రేట్ల పెరుగుదల' అన్నారు. నేను పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి తేలింది. 2019లో అత్తగారిని వేలూరికి రెండే రెండుసార్లు తీసుకెళ్లారు. నిరుడు ఆరుసార్లు. పాప అప్పుడు ఇంట్లోనే ఉంది. నిరుడు ఆరుసార్లు బెంగళూరు నుంచి వచ్చి వెళ్లింది, అది 8,400. పెరిగిన 38,200లో పాప రాకపోకలవి 8,400, ఎక్కువైన నాలుగు వేలూరు ట్రిప్పులవి పాత రేటుకే 9,600, వెరసి 18,000. అంటే పెరుగుదలలో దాదాపు సగం ధరల పాపం కాదు, మీ ఇంట్లో పరిస్థితులు మారాయి. రేట్లు తెచ్చిన బరువు ఏదున్నా మిగతా 20,200లోనే ఉంది. ఈ రెంటినీ విడదీయకపోతే మందు తప్పుగా వేస్తాం. కారు కొనాలన్న ఆలోచన అట్లాంటి మందే.

కారు లెక్క చూద్దాం. నాలుగున్నర లక్షలు బ్యాంకులో ఉంటే ఏడాదికి సుమారు 30 వేలు వడ్డీ వచ్చేది, అది పోతుంది. ఇన్సూరెన్సు 9 వేలు, సర్వీసు, టైర్లు, బ్యాటరీ సగటున 14 వేలు వేసుకోండి. అమ్మబోతే ఏటా 40 వేలైనా విలువ పడిపోతుంది. ఒక్క చక్రం తిరగకముందే 93 వేలు. ఆరు వేలూరు ట్రిప్పులు దాదాపు 1,320 కిలోమీటర్లు, పెట్రోలు ఇంకో 9 వేల పైచిలుకు. దీనికి ఎదురుగా మీరు బాడుగ కింద ఇచ్చింది 22,800. అత్తగారిని ఇంకో ఆరుసార్లు ఎక్కువ తీసుకెళ్లినా బాడుగ కారే చవక. 2025లో టోల్‌కు 3 వేలకు 200 ట్రిప్పుల ఫాస్టాగ్ పాసు వచ్చిందని మీవారు లెక్క వేశారట. అది రోజూ హైవే మీద తిరిగేవాళ్లకు బంగారం, మీకు మాత్రం దండగ.

డబ్బు లెక్కలో రాని ఖర్చు ఇంకోటుంది. తిరుపతిలో మీకు కారుందని తెలిశాక స్టేషన్లో దిగిన చుట్టం ఆటో పిలుస్తాడా?

బాడుగ మాట్లాడేటప్పుడు ఒక చిన్న కిటుకు. మన దగ్గర కంటే చిత్తూరు దాటి తమిళనాడులో అడుగుపెడితే లీటరు పెట్రోలు కొన్ని రూపాయలు తక్కువ. వేలూరు పోయే ప్రతి డ్రైవరూ అక్కడే ట్యాంకు నింపుకుంటాడు. అది మీకూ తెలుసన్నట్టు మాట్లాడండి, రెండు మూడొందలు దిగుతాడు. ప్రతి రివ్యూకి అంతదూరం పోవాలా, రక్తపరీక్షలు ఇక్కడ స్విమ్స్‌లోనో మంచి ల్యాబులోనో చేయించి రిపోర్టు పంపితే సరిపోతుందా అని డాక్టరు గారినే అడగండి. ఆరు ట్రిప్పులు నాలుగైతే 7,600 మిగులుతుంది. కానీ డాక్టరు రావాలంటే మాత్రం డబ్బు చూసుకుని ఆగవద్దు.

ఇక ఆ 6 లక్షలు. అది మీ డబ్బు కాదమ్మా, అత్తగారిది. ఆవిడ సరే అన్నా సరే. ఆవిడ వైద్యానికి, ఆవిడ ప్రయాణానికి మొదట అక్కరకు రావాలి. ఎఫ్‌డీ మెచ్యూర్ కాగానే 5 లక్షలు ఆవిడ పేరు మీదే పోస్టాఫీసులో గానీ బ్యాంకులో గానీ సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయండి. 2023 ఏప్రిల్ నుంచి దాని వడ్డీ 8.2 శాతం. చేరిన రోజు ఏ రేటుందో అయిదేళ్లూ అదే. మూడు నెలలకోసారి 10,250 ఆవిడ ఖాతాలో పడుతుంది, ఏడాదికి 41 వేలు. వేలూరు ట్రిప్పులన్నీ పోను 18 వేలు మందులకు మిగులుతాయి. ఆవిడకు పన్ను పడే ఆదాయం లేదు కాబట్టి వడ్డీలో పన్ను కోయవద్దని రాసిచ్చే ఫారం ఇచ్చేయండి. ఏడాది లోపు ఖాతా మూసేస్తే వడ్డీ ఏమీ రాదు, రెండేళ్ల లోపైతే అసలులోంచి ఒకటిన్నర శాతం కోస్తారు. అందుకే మొత్తం 6 లక్షలూ పెట్టవద్దంటున్నాను.

మిగిలిన లక్షలో 46 వేలు అత్తగారి దగ్గర చేబదులు తీసుకుని క్రెడిట్ కార్డు ఒక్క దెబ్బకు తీర్చేయండి. ఆ కార్డు మీద నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ పడుతుంది, అంటే మీరు కట్టే 2,300లో సుమారు 1,600 వడ్డీకే పోతోంది. అదే 2,300 ఇకనుంచి ప్రతి నెలా అత్తగారి ఖాతాలో వేయండి. ఇరవై నెలల్లో తీరిపోతుంది. ఇంట్లో వాళ్లమధ్య కాగితమెందుకు అనుకోవద్దు, డైరీలో మొదటి పేజీలోనే రాయండి. మిగతా 54 వేలు ఆవిడ సేవింగ్స్ ఖాతాలోనే ఉండనివ్వండి, అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తే అక్కరకొస్తాయి.

వేలూరు బరువు అట్లా దిగిపోయాక మీ నెత్తిన ఉండేది ఏడాదికి 48,900, నెలకు సుమారు 4,100. జీతం పడిన రోజే ఇది వేరే ఖాతాలోకి మళ్లించండి. ప్రయాణాల ఖర్చు నెలనెలా సమానంగా రాదు. నాలుగు నెలలు చడీచప్పుడు ఉండదు, సంక్రాంతి నెలలో పన్నెండు వేలు ఒక్కసారే మీద పడుతుంది. అప్పుడే కదా కార్డు గీకింది!

ఆ 48,900లో 12 వేలు హైదరాబాదు పెళ్లి ప్రయాణానిది. 2019లో అది 9,600. రైలు చార్జీలు పెరిగాయని రాశారు గానీ, 2025 జూలై 1న నాన్ ఏసీ మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండ్లలో పెంచింది కిలోమీటరుకు ఒక పైస, ఏసీలో రెండు పైసలు. తిరుపతి నుంచి సికింద్రాబాదుకు ఆ పెంపు పదిహేను రూపాయల లోపు సంగతి. మీకు అసలు దెబ్బ తగిలింది రెండు చోట్ల. ఆడవాళ్లకు 58 దాటితే టికెట్టులో సగం రాయితీ ఉండేది, 2020 మార్చి 20న కరోనా పేరుతో ఆపేసి ఇంతవరకూ తిరిగి ఇవ్వలేదు. అత్తగారి టికెట్టు దాంతోనే రెట్టింపు అయింది. రెండోది, 2019లో స్లీపరులో వెళ్లారు, నిరుడు వందే భారత్‌లో. 2023 ఏప్రిల్ 8న ఆ బండి వచ్చాక తిరుపతి వాళ్లకు స్లీపరు కంటికి ఆనడం లేదు. సుఖం కోసం ఎక్కితే తప్పులేదు, కానీ దాన్ని ధరల పెరుగుదల ఖాతాలో రాయకండి.

పాప సంగతి తేలిక. రైలు రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు, పండగ తేదీలు అంతకంటే ముందే క్యాలెండరులో ఉంటాయి. చివరి రోజున ప్రైవేటు బస్సు వాడు అడిగినంత ఇవ్వాల్సిందే. 2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన ఆడవాళ్ల ఉచిత బస్సు బెంగళూరుకు, వేలూరుకు పనికిరాదు, రాష్ట్రం లోపలే. సప్తగిరి బస్సుల్లోనూ లేదు. కాణిపాకానికో చిత్తూరికో ఎక్స్‌ప్రెస్‌లో పోయేటప్పుడు మాత్రం ఆధార్ చూపించి దర్జాగా కూర్చోండి.

చుట్టాలు. తొమ్మిది రాకలకు 16,200, ఒక్కో రాకకు 1,800. ఈ బాధ నాకూ ఉంది కాబట్టి నీతులు చెప్పను. మా ఇంట్లో పెట్టుకున్న పద్ధతి ఒకటి చెబుతాను: స్టేషన్ నుంచి ఇంటికి ఆటో, ఇంట్లో భోజనం మావి. కొండకి జీపు, దర్శనం టికెట్లు వాళ్లవి. ఫోన్లో 'వస్తున్నాం' అనగానే 300 రూపాయల టికెట్టు బుక్ చేసుకున్నారా అని అడుగుతాం. నలుగురికి మించితే విష్ణు నివాసంలోనో శ్రీనివాసంలోనో గది చూసుకోమని ముందే చెబుతాం. మొదటి ఏడాది మా మేనత్త అలిగింది. రెండో ఏడాది మళ్లీ వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. రెండు డైరీలూ తిరగేస్తే ఒకే ఒక్క అంకె మారలేదు. లైనింగ్ జాకెట్టు కుట్టుకూలి. 2019లో 350, నిరుడూ 350! ఆటోవాడు పెంచాడు, మిషను రిపేరు చేసేవాడు పెంచాడు, దారం, లైనింగ్ గుడ్డ, కరెంటు పెరిగాయి. ఊరంతా తమ పనికి రేటు పెంచితే మీరు ఒక్కరే ఆ పెంపునంతా భరిస్తూ కూర్చున్నారు. నెలకు నలభై జాకెట్లు కుడుతున్నారు. 420 చేస్తే నెలకు 2,800, ఏడాదికి 33,600. పక్కవీధిలో 500 తీసుకుంటున్నారని మీరే రాశారు. నలభైలో అయిదారు పోయినా మీకే లాభం, కాస్త నడుమూ వాలుతుంది.

పాతవాళ్లు నొచ్చుకుంటారని భయం ఉంటుంది, తెలుసు. కొత్తగా వచ్చేవాళ్లకు ఈ వారం నుంచే 420. పాతవాళ్లకు ఉగాది దాకా 350. 'రేపే కావాలి' అనేవాళ్లకు పాతా కొత్తా లేదు, ఇంకో వంద. ఒక తెల్లకాగితం మీద ఇదంతా పెద్ద అక్షరాలతో రాసి, కొలతలు తీసే చోట ఎదురు గోడకి అంటించండి. నోటితో చెప్పాలంటే మీకు మొహమాటం, మీ డైరీ చూస్తేనే తెలుస్తోంది. సెలూన్ కుర్రాడు కూడా ఎవరికీ నోటితో చెప్పలేదు.