శిలాఫలకం సంగతి తర్వాత

చిరంజీవికి,

చిత్రశాలలకు వచ్చే విరాళాల మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. మొదటి పేరా మాత్రం పెళ్ళిలో చదివింపుల చిట్టాలా ఉంది: దాతల పేర్లు, పక్కనే మొత్తాలు, మధ్యమధ్య 'కళాపోషణ'. కోప్పడకు. నీ వయసులో నేనూ ఒక గ్యాలరీ ప్రారంభోత్సవం గురించి ఇలాగే రాశాను. రిబ్బను రంగు రాశాను గానీ గోడమీద ఏ బొమ్మలున్నాయో రాయనే లేదు.

ఓసారి రాజమండ్రి వెళ్ళి చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఉన్న చిత్రశాల చూసి రా. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చేతిలోని ప్రతిభ కనిపెట్టి 1916లో బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకు పంపాడు, ఖర్చులకూ ఆదుకున్నాడు. అప్పటికి చిత్రశాల లేదు, ఫలకం బిగించుకోవడానికి గోడైనా లేదు. 1925లో మశూచి సోకి రామారావు పోయాడు, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే. ఆ బొమ్మలు చెల్లాచెదురు కాకుండా భార్య సత్యవాణి, మిత్రుడు వరదా వెంకటరత్నం వంటివాళ్ళు కాపాడారు. అమ్ముకోకుండా ఉండడం కూడా విరాళమే. దానికి ఎవరూ రసీదు రాయరు.

నీటిరంగుల బొమ్మకు వెలుతురే శత్రువు. అందుకే మ్యూజియాల్లో దానిమీద పడే కాంతిని 50 లక్సులు (లక్సు వెలుతురుకు కొలత) దాటనివ్వకుండా చూస్తారు. ఎక్కడైనా పాత ఫ్రేము విప్పుతున్నారంటే పక్కన నిలబడు. మౌంటు (బొమ్మ చుట్టూ అంచులా పెట్టే అట్ట) కింద దాగిన సన్నటి అంచులో ఆకాశం ఇంకా నీలంగా ఉంటుంది. ఇన్నేళ్ళూ మనం చూసిన చోట ఉతికి ఉతికి ఆరేసిన చీరలా వెలిసిపోయి ఉంటుంది. ఆ నీలం లక్షలు పోసినా తిరిగి రాదు. ఉన్నది పోకుండా ఆపడానికే డబ్బు కావాలి: ఆమ్లం లేని మౌంటు బోర్డు, వానాకాలం గదిలో చెమ్మ లాగే యంత్రం, దాని కరెంటు బిల్లు, మూలమూలా కాగితం కొరికే రామబాణం పురుగు కోసం వెతికే మనిషి జీతం. పైగా కేటలాగు అచ్చు, బడిపిల్లల్ని తీసుకొచ్చే బస్సు.

కొత్త భవనానికి ఇచ్చేవాళ్ళు దొరుకుతారు, గుమ్మం పక్కన పేరుంటుంది కాబట్టి. కరెంటు బిల్లు కట్టేవాడు దొరకడు. నీ వ్యాసం అక్కడ మొదలుపెట్టు.

అలాగని దాతల్ని తిట్టమనడం లేదు. హైదరాబాదులో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు ఏళ్ళ తరబడి కూడబెట్టిన కళాఖండాలను 1976లో ట్రస్టుకు ఇచ్చేశారు. ఇద్దరూ చిత్రకారులే, జమీందార్లేం కారు. అలాంటివాళ్ళ గురించి ఒక పేజీ ఎక్కువ రాసినా నేను కొట్టెయ్యను.

ఈసారి వెళ్ళినప్పుడు అక్కడ పనిచేసేవాళ్ళని అడుగు: గదిలో తేమ ఎవరు కొలుస్తారు, ఏడాదికి ఎన్ని ఫ్రేములు మారుస్తారు, డబ్బు ఏ నెలకు అయిపోతుంది. రెండో ప్రతి శ్రావణంలోగా పంపు. ఆ తర్వాత నాకు కంటి ఆపరేషను ఉంది, కొన్నాళ్ళు చదవనివ్వరు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు