కళింగపట్నం ఒడ్డున గాలం వేయడానికి షాక్ లీడర్ ఎంత బలంది కావాలి, ఏ ముడి వేయాలి?

100 గ్రాముల సీసం గుండును గట్టిగా విసిరితే సన్నటి బ్రెయిడ్ లైన్ (పోగులు అల్లిన దారం) ఆ కుదుపుకు తాళలేక తెగిపోతుంది. అందుకే ముందు భాగంలో లావుపాటి మోనో (ఒకే పోగు నైలాన్ దారం) కడతారు, అదే షాక్ లీడర్. గుండు బరువులో ప్రతి 28 గ్రాములకు 10 పౌండ్ల బలం చొప్పున లెక్కేయండి: 100 గ్రాముల గుండుకు 40 పౌండ్లది, 150 గ్రాములైతే 60. ఇక్కడ పొదుపు చూడొద్దు. ఆదివారం సాయంత్రం బీచ్‌లో జనం తిరుగుతుంటారు, తెగిన గుండు ఎవరి తలకు తగులుతుందో చెప్పలేం.

పొడవు రాడ్‌కు రెట్టింపు. విసిరే ముందు రీల్ మీద లీడర్ ఐదారు చుట్లు ఉండాలి.

బ్రెయిడ్‌కైతే నేను ఎఫ్‌జీ ముడే వేస్తాను. బ్రెయిడ్‌ను బిగువుగా పట్టుకుని, లీడర్ చుట్టూ ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి మార్చి మార్చి 20 చుట్లు వేయాలి. తడిపి లాగితే బ్రెయిడ్ రంగు ముదురుతుంది, లీడర్‌ను కరిచి పట్టుకున్నట్టే. తర్వాత నాలుగైదు అర ముడులు వేసి కొస కత్తిరించండి. సన్నగా ఉంటుంది కాబట్టి రాడ్ రింగుల్లో ఇరుక్కోదు. మెయిన్ లైన్ (రీల్‌లోని అసలు దారం) కూడా మోనో అయితే యూని టు యూని ముడి చాలు.

ఇసుక రాపిడికి లీడర్ వేలికి గరుగ్గా తగిలితే ఆ ముక్క తీసేయండి.