బల్బుది కాదు తప్పు, దారిది

ప్రశ్న: మా నాన్నగారి 1972 అంబాసిడర్‌ను బాగు చేయించి, పెయింటు వేయించి రోజూ ఆఫీసుకు వాడుతున్నాను. హెడ్‌లైట్ల వెలుగు చాలడం లేదంటే మెకానిక్ 100/90 వాట్ల (దూరం వెలుగు హై బీమ్‌కు 100, దగ్గరి వెలుగు డిప్‌కు 90) బల్బులు వేశాడు. నెల తిరగకముందే స్విచ్చి దగ్గర కాలిన వాసన వచ్చింది. అవి తీసేసి కారంతా ఎల్‌ఈడీలు పెట్టించాను. ఇప్పుడు ఇండికేటర్లు కొట్టుకోవడం లేదు. బ్రేకు తొక్కితే మాత్రం వెనుక ఇండికేటర్ మసకగా వెలుగుతోంది. ఏ బల్బు కొనమంటారు? రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చులు) పెడితే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు అడ్డమా?
- రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఏ బల్బూ కొనవద్దు. ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. ఒకసారి పద్మిని, ఒకసారి జీపు, ఈసారి అంబాసిడర్. వెలుగు తగ్గింది, పెద్ద బల్బు వేశారు, ఏదో కాలింది, ఇప్పుడు ఇంకో బల్బు పేరు కావాలి. ఉన్న బల్బు దాకా కరెంటు పూర్తిగా చేరుతోందా అని మాత్రం ఎవరూ చూడరు.

మల్టీమీటర్ వాడటం మీకు వచ్చనే అనుకుంటాను. ముందు ఎల్‌ఈడీలు తీసి మామూలు ఫిలమెంటు బల్బులు పెట్టండి. ఎల్‌ఈడీ తీసుకునే కరెంటు తక్కువ కాబట్టి వైరింగులోని లోపం దానితో బయటపడదు. లైట్లు వెలుగుతుండగానే మీటరు ఒక మొనను బ్యాటరీ లైవు టెర్మినల్‌కు, రెండోదాన్ని బల్బు వెనుక లైవు పిన్నుకు ఆనించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఆ మేరకు దారిలోనే పోతోంది. ఇదే పరీక్ష ఎర్తు వైపూ, అంటే కరెంటు కారు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిలోనూ చేయండి. అర వోల్టేగా అనుకోవద్దు. 12 వోల్టులు చేరాల్సిన చోట 10.8 చేరితే వోల్టేజి తగ్గింది పది శాతమే, వెలుగు తగ్గేది దాదాపు ముప్పై శాతం.

ఆ దారి ఎలాంటిదో చూడండి. బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డు స్విచ్చికి, అక్కడి నుంచి ఎడమ కాలి దగ్గర నేల మీద ఉండే, హై బీమ్, డిప్ మార్చే డిప్పర్ స్విచ్చికి, ఆ తర్వాత ముందు భాగంలో వైర్లను కలిపే బుల్లెట్ కనెక్టర్లకు, చివరికి బల్బుకు. డిప్పర్ స్విచ్చి మీ చెప్పుల తడినీ బురదనీ యాభై ఏళ్లుగా తాగుతోంది. నేనైతే ముందు దాన్నే విప్పుతాను. వైర్ల రంగులు ఇంకా తెలుస్తుంటే పని తేలిక. బ్రిటిష్ పద్ధతిలో నీలం హెడ్‌లైట్ల లైను, నీలం మీద తెల్ల చార హై బీమ్, నీలం మీద ఎర్ర చార డిప్, ఎరుపు పార్కింగు లైట్లు, నలుపు ఎర్తు.

మీ బ్రేకు-ఇండికేటర్ గారడీ ఎర్తు లోపానికి పాఠ్యపుస్తకం ఉదాహరణ. వెనుక లైటు గూడుకు ఎర్తు సరిగా అందకపోతే బ్రేకు బల్బు గుండా వచ్చిన కరెంటు పక్క బల్బు మీదుగా తిరుగుదారి వెతుక్కుంటుంది. కొత్త పెయింటు వేయించానన్నారు కదా, ఎర్తు బోల్టు కింద కూడా నున్నగా పూసే ఉంటారు. అక్కడ రేకు మెరిసేదాకా గీకి, బోల్టు బిగించి, పైన కాస్త గ్రీజు రాయండి.

ఇండికేటర్లు కొట్టుకోకపోవడం వేరే సంగతి. ఇండికేటర్లను వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్ వేడితో పనిచేస్తుంది. రెండు 21 వాట్ల బల్బులు లాగే సుమారు మూడున్నర ఆంపియర్లు ఉంటేనే అది వేడెక్కుతుంది. ఎల్‌ఈడీలకు అది కదలదు. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కొనండి, కానీ ముందు బ్యాటరీ ఏ టెర్మినల్ బాడీకి కలిపి ఉందో చూసుకోండి. ఆ తరం బ్రిటిష్ డిజైన్లలో పాజిటివ్ ఎర్తు ఉండేది, మార్కెట్‌లో దొరికే పరికరాలు ఎక్కువగా నెగటివ్ ఎర్తుకు చేసినవి.

నన్ను నిజంగా భయపెట్టింది మీరు ఒక్క వాక్యంలో దాటేసిన కాలిన వాసన. ఆ కాలపు హెడ్‌లైటు బల్బు 45 వాట్ల చుట్టూ ఉండేది. 100 వాట్లు వేస్తే కరెంటు రెట్టింపు దాటుతుంది, స్విచ్చిలోనూ తీగలోనూ వేడి దాదాపు ఐదు రెట్లు అవుతుంది. బ్యాటరీని నింపడానికి డైనమో ఉన్న బండి అయితే అది ఇచ్చేదే ఇరవై ఆంపియర్ల చుట్టూ. రెండు బల్బులకే పదహారు దాటిపోతే మిగతా బండి బ్యాటరీని పీల్చి బతకాలి.

అంతకంటే ఘోరం, అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ తరం కార్లలో బండి మొత్తానికి రెండే గాజు ఫ్యూజులు ఉండటం మామూలు. హెడ్‌లైట్ల లైనుకు చాలావాటిలో అసలు ఫ్యూజే ఉండదు. ఇంజిన్ ఆపి తాళం చెవి తీసేసినా ఆ లైనులో కరెంటు ఉంటుంది. అంటే ఎక్కడో తీగ ఒరుసుకుని బాడీకి తగిలితే మంట మీరు నడుపుతున్నప్పుడే రావాలని లేదు, ఇంటి కింద షెడ్డులో అర్ధరాత్రి కూడా రావచ్చు. ఉన్న రెండు ఫ్యూజుల్లో ఒకటి పోతే సిగరెట్ పెట్టెలోని రేకు చుట్టి పంపే మహానుభావులు ఇంకా ఉన్నారు. అది మరమ్మతు కాదు, నేరం. ఇంకో తిరకాసు: ఆ పాత గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే అది తెగిపోయే అంకె, ఎడతెగకుండా మోసేది 17 ఆంపియర్లే. ఇప్పుడు షాపులో 35 అడిగి తెచ్చుకుంటే అది 35ను హాయిగా మోస్తుంది, కాలేది మీ వైరే.

కాబట్టి రిలేలు పెట్టండి. హై బీమ్‌కు ఒకటి, డిప్‌కు ఒకటి. పాత స్విచ్చి రిలే కాయిల్‌కు కావలసిన కొద్దిపాటి కరెంటునే మోస్తుంది, బల్బులకు బ్యాటరీ నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వెళ్తుంది. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, బల్బు దగ్గర కాదు. కుడి, ఎడమ దీపాలకు విడివిడిగా పెడితే వంతెన మీద రెండూ ఒకేసారి ఆరిపోవు. బ్యాటరీకి కటాఫ్ స్విచ్చి కూడా వేయించి, షెడ్డులో పెట్టగానే తిప్పేయండి. ఇంత చేశాక 60/55 హేలోజన్ చాలు, గూడు దానికి సరిపడేదైతే. హెడ్‌లైట్లలో ఎల్‌ఈడీ మీద మోజు వదులుకోండి. ఫిలమెంటు కోసం చేసిన అద్దంలో దాని వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. హైవే మీద రోజూ తిట్టుకునేది మనమే, ఇంటికొచ్చి అవే కొనేదీ మనమే.

అయినా మీరు అదృష్టవంతులు. మీ లోపం ఒక మీటరుకూ ఉప్పు కాగితానికీ లొంగుతుంది. ఇప్పటి కొత్త కార్ల హెడ్‌లైట్లలో ఎల్‌ఈడీ, దానికి కరెంటు అందించే డ్రైవర్ సర్క్యూట్, అద్దం అన్నీ ఒకే డబ్బాలో అతికించి ఇస్తున్నారు. లోపల తేమ చేరినా, ఒక్క చిప్పు పోయినా డబ్బా మొత్తం మార్చాలి. కొన్నిటిలో కొత్త డబ్బా బిగించినా సర్వీస్ సెంటర్ కంప్యూటర్ దాన్ని గుర్తించేదాకా వెలగదు. దీపం వెలిగించుకోవడానికి అనుమతి అడగాల్సిన పరిస్థితిని మనం ఆధునికత అని కొంటున్నాం. బల్బు మార్చుకునే హక్కు గురించి మన దగ్గర ఎవరూ గట్టిగా అడగకపోవడం నాకు అంతుపట్టదు.

రిజిస్ట్రేషన్ సంగతి. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన వాహనాలకు వీఏ సిరీస్ నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు. వాళ్లు చూసేది ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు. రెండు రిలేలు ఆ కోవలోకి రావు. మీకు అడ్డయ్యేది మరొకటి: వీఏ నంబరు తీసుకున్న బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తీసుకెళ్లవచ్చు గానీ రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. దానిలోనే ఆఫీసుకు వెళ్తున్నానంటున్నారు కాబట్టి దరఖాస్తు పెట్టే ముందు అది తేల్చుకోండి.