పెద్దపేగు క్యాన్సర్: ఎవరికి ఏ పరీక్ష?

ప్ర: మా నాన్నగారికి 46వ ఏట పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. నాకిప్పుడు 38, ఏ బాధా లేదు. మలపరీక్ష సరిపోతుందా?
– పాఠకుడు, పర్లాకిమిడి

జ: మీకు సరిపోదండీ. కన్నవాళ్లలోనో తోబుట్టువుల్లోనో ఒకరికి 60 ఏళ్లలోపు ఈ జబ్బు వస్తే, మిగతావాళ్లు 40వ ఏట గానీ, ఆ మనిషికి బయటపడిన వయసుకు పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకోవాలి. ఆ లెక్కన మీకు 36కే గడువు వచ్చేసింది. అంతా బాగుంటే మళ్లీ ఐదేళ్లకు. మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా ఇదే లెక్క. పేగులోపల మొలిచే పాలిప్ (చిన్న కండ) క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లకు పైనే పడుతుంది. కొలనోస్కోపీలో దాన్ని చూసినప్పుడే తీసేయవచ్చు. మలపరీక్షతో ఆ పని కాదు.

పరీక్ష పాడయ్యేది ఎక్కువగా పేగు శుభ్రపడక. విశాఖలో చేయించుకుంటారనుకుందాం. విరేచనాల మందు సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు తాగాలి. అది తాగి బస్సెక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ముందురోజే వెళ్లి, మరుగుదొడ్డి ఉన్న గది తీసుకోండి. రెండుమూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, జామకాయ, నువ్వులు, రాగి అంబలి మానేసి తెల్లన్నం, పెరుగు తినండి. చివరి రోజు కొబ్బరినీళ్లు, వడగట్టిన పప్పుకట్టు, పాలు లేని టీ మాత్రమే. ఎర్రరంగు షర్బత్ వద్దు, లోపల నెత్తురులా కనిపిస్తుంది. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి. రక్తం పలచబరిచే మందులు, షుగరు మందుల సంగతి మాత్రం డాక్టరునే అడగండి, సొంతంగా ఆపొద్దు. చివరికి విరేచనం పసుపుపచ్చ నీళ్లలా తేటగా రావాలి. ఇంకా మడ్డిగా వస్తుంటే ఆ మాట లోపలికి వెళ్లకముందే చెప్పండి.

ప్ర: నాకు 50. ఇంట్లో ఎవరికీ లేదు. కొలనోస్కోపీ అంటే భయం. వేరే దారి ఉందా?
– పాఠకురాలు, సిరోంచ

జ: ఉంది. మలంలో కంటికి కనిపించని నెత్తురును పట్టే 'ఫిట్' అనే మలపరీక్ష ఏడాదికోసారి చేయించుకోండి. 45 దాటితే మొదలుపెట్టవచ్చు. ల్యాబ్‌లో ఒట్టి 'అకల్ట్ బ్లడ్' (కనిపించని నెత్తురు) అని కాకుండా ఫిట్ అని అడగండి. పాత పద్ధతిలోనైతే మాంసం, విటమిన్ సి మాత్రలు ముందే మానాలి, ఫిట్‌కు ఆ పథ్యం లేదు.

మలం నీళ్లలో పడకుండా దొడ్డిలో పేపరు పరచండి. ల్యాబ్ ఇచ్చిన సీసా మూతకున్న పుల్లతో నాలుగైదు చోట్ల గుచ్చి, పుల్ల మీది గాట్లు నిండగానే సీసాలో పెట్టి బిగించండి. మళ్లీ తీయొద్దు. నెలసరి రోజుల్లో, మొలల నుంచి నెత్తురు పడుతున్నప్పుడు నమూనా తీయకండి. మీ ఊరి ఎండకు సీసా స్కూటరు డిక్కీలో ఉంటే నెత్తురులోని హిమోగ్లోబిన్ చెడిపోయి, ఉన్నా లేదని వస్తుంది. అదేరోజు ఇచ్చేయండి. కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు.

పాజిటివ్ వస్తే క్యాన్సర్ అని కాదు, చాలామందికి ఉండదు. కానీ కొలనోస్కోపీ తప్పదు. 'ఇంకోసారి ఫిట్ చేసి చూద్దాం' అనడమే ఇక్కడ పెద్ద పొరపాటు.

ప్ర: హెల్త్ ప్యాకేజీలో సీఈఏ రక్తపరీక్ష నార్మల్ వచ్చింది. నిశ్చింతేనా?
– పాఠకుడు, బల్లార్షా

జ: కాదు. సీఈఏ అంటే కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్. తొలిదశలో అది నార్మల్‌గానే ఉండొచ్చు, పొగ తాగేవాళ్లలో ఊరికే పెరగనూవచ్చు. చికిత్స తర్వాత జబ్బు తిరగబెట్టిందేమో చూడటానికి పనికొచ్చే పరీక్ష అది. మీకు మలంలో నెత్తురు, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం ఉంటే ఫిట్ కూడా వద్దు. మొలలేలే అనుకోకుండా నేరుగా గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లండి.