సొంత మ్యాప్ సర్వర్: తెలుగు పేర్లు రావాలంటే

ప్రశ్న: తెలంగాణ బస్సు రూట్లు చూపే సైటు కోసం, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో సొంత టైల్ సర్వర్ (మ్యాప్‌ను చిన్న చతురస్రపు ముక్కలుగా, అంటే టైల్స్‌గా, అందించేది) పెడుతున్నాం. 4 జీబీ ర్యామ్ వీపీఎస్ (అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్). ఇండియా ఫైలు ఎక్కిస్తుంటే సగంలో 'కిల్డ్' అని ఆగిపోతోంది. ఊళ్ల పేర్లు తెలుగులో కావాలి.

జవాబు: మెమరీ చాలక లైనక్సే ఆ ప్రోగ్రామ్‌ను ఆపేసింది. అసలు ఇండియా మొత్తం మీకెందుకు? ఈ డేటాను ప్రాంతాలవారీగా ఇచ్చే జియోఫాబ్రిక్ సైటు నుంచి సదరన్ జోన్ (దక్షిణ భారతం) ఫైలు దించుకుని, ఆస్మియమ్ అనే టూల్‌తో తెలంగాణ మేరకు కత్తిరించండి. హద్దులు: 77.2, 15.8, 81.4, 19.95. ప్రతి జతలో రేఖాంశమే ముందు, అక్షాంశం తర్వాత. తిరగేస్తే మీ హద్దులు ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ మీద పడి ఖాళీ ఫైలు వస్తుంది! ఆపైన ఆ ఫైలును డేటాబేస్‌లోకి ఎక్కించే ఓఎస్ఎం2పీజీఎస్‌క్యూఎల్‌ను స్లిమ్ మోడ్‌లో (మధ్యంతర డేటాను ర్యామ్‌లో కాక డిస్కులో ఉంచే పద్ధతి), 1000 ఎంబీ కాష్‌తో నడపండి. 2 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు భాగం) కూడా పెట్టుకోండి. ఆ మధ్యంతర డేటాను చివర్లో తీసేసే డ్రాప్ ఆప్షన్ డిస్కు మిగులుస్తుంది గానీ, తర్వాత అప్‌డేట్లు ఎక్కవు.

మన ఊళ్లకు ఈ డేటాలో 'నేమ్' ట్యాగ్‌లో (పేరు రాసే గడిలో) ఎక్కువగా ఇంగ్లిష్ పేరే ఉంటుంది, తెలుగుది 'నేమ్:టీఈ'లో. హెచ్‌స్టోర్ (అదనపు ట్యాగ్‌లన్నిటినీ ఒకే గడిలో దాచే ఆప్షన్) లేకుండా ఇంపోర్ట్ చేస్తే అది డేటాబేస్‌లోకే రాదు. మ్యాప్ ఎలా కనిపించాలో చెప్పే కార్టో స్టైల్‌లోని ప్రాజెక్ట్ ఫైలు తెరిచి, ఊళ్ల పేర్ల క్వెరీలో 'కోఅలెస్' పెట్టండి: ముందు తెలుగు, లేకపోతే మామూలు పేరు. ఆ స్టైల్ నుంచి ఎక్స్ఎంఎల్ ఫైలు మళ్లీ తయారుచేసి, టైల్స్ గీయించే రెండర్‌డీని రీస్టార్ట్ చేయాలి. అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే నోటో సాన్స్ తెలుగు ఫాంట్ లేనట్టు. ఇంగ్లిషే కనిపిస్తుంటే అవి పాత టైల్స్; సర్వర్‌లోనూ బ్రౌజర్‌లోనూ కాష్ తుడిచేయండి.

టైల్స్ అన్నీ ముందే గీయించి పెట్టుకోవాలన్న ఆశ వద్దు. పై హద్దుల్లో జూమ్ 14కి దాదాపు 38 వేల టైల్సే. 18కి వెళ్తే 97 లక్షలు. 14 దాకా గీయించి, మిగతావి అడిగినప్పుడు గీయనివ్వండి.

ప్రశ్న: ఇంత తంటా ఎందుకు, వెక్టర్ టైల్స్ (బొమ్మగా కాక డేటాగా వెళ్లి బ్రౌజర్‌లో గీయబడేవి) అన్నీ ఒకే చోట ఉండే పీఎంటైల్స్ ఫైలు ఒక్కటి పెట్టేస్తే సరిపోదా?

జవాబు: ఇంగ్లిష్ పేర్లు చాలనుకుంటే అదే మేలు. డేటాబేస్ అక్కర్లేదు, రేంజ్ రిక్వెస్టులు (ఫైల్లో కావాల్సిన ముక్క మాత్రమే అడగడం) ఒప్పుకొనే మామూలు వెబ్ సర్వర్ చాలు. తెలుగుతోనే చిక్కు. వెక్టర్ టైల్స్‌ను బ్రౌజర్‌లో గీసే మ్యాప్‌లిబ్రే అక్షరాలను విడివిడి బొమ్మలుగా పేరుస్తుంది కాబట్టి, అదనపు ఏర్పాటు లేకపోతే 'సిద్దిపేట'లో వత్తు కిందికి దిగదు. ద పొల్లుతో, ది దాని పక్కన విడిగా పడతాయి. మన సర్వర్‌లో టైల్స్ గీసే మాప్నిక్, అక్షరాలను సరిగ్గా కలిపే హార్ఫ్‌బజ్ లైబ్రరీని వాడుతుంది, అందుకే రాస్టర్ టైల్స్‌లో (ముందే బొమ్మగా గీసినవాటిలో) వత్తులు సరిగ్గా కూర్చుంటాయి. మొదటి ప్రశ్నలోని సైటుకు రాస్టరే సరి.