ఆగిన లిఫ్ట్ దగ్గర మొదలుపెట్టు

అమ్మాయ్,

నీ పరిశోధన ప్రణాళిక రెండుసార్లు చదివాను. హైదరాబాద్ శివారు కొల్లూరులో సర్కారు పేదలకు కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇళ్ల నిర్వహణ మంచి విషయమే. కానీ మూడో అధ్యాయంలో, జ్ఞానం గురించిన వాదాల నుంచి సమాచారం సేకరించే పద్ధతుల దాకా పొరలు పొరలుగా చూపే ఆ ఉల్లిపాయ బొమ్మ ఎందుకు? ప్రతి థీసిస్‌లోనూ అదే బొమ్మ, అవే పొరలు. ఒలుచుకుంటూ పోతే కళ్లమ్మట నీళ్లు తప్ప ఏమీ మిగలవు.

నేనూ ఆ పనే చేశానులే. థీసిస్ ఇచ్చే ముందు రాత్రి 'నాది ప్రత్యక్షవాదం' అని రెండు పేజీలు రాసి దూర్చాను. వైవాలో పరీక్షకుడు ఒక్కటే అడిగారు: "కొలిచిందే జ్ఞానం అంటున్నారు, మరి ఇంతమందిని కూర్చోబెట్టి గోడు చెప్పించుకున్నారెందుకు?" నా నోట మాట రాలేదు.

అందుకే వాదం పేరు పక్కన పెట్టి, ఒక సంఘటన పట్టుకో. కొల్లూరులో 15,660 ఇళ్లు, ఒక్కోటి 560 చదరపు అడుగులు. 2023 జూన్‌లో ప్రారంభించారు. పది పదకొండు అంతస్తులు కట్టాక ఇంటికి లిఫ్టే గడప. ఒక బ్లాకులో అది ఆగిపోయిందనుకో.

ప్రత్యక్షవాది లెక్క తీస్తాడు: ఎన్ని రోజులు ఆగింది, ఎన్ని ఇళ్లు మెయింటెనెన్స్ కట్టాయి. అది కావాల్సిందే. వ్యాఖ్యానవాది మెట్ల మీద కూర్చుని వింటాడు. ఎనిమిదో అంతస్తు ముసలమ్మ "సర్కారు ఇల్లు, సర్కారే చూసుకోవాలె" అనొచ్చు. మొదటి అంతస్తాయన "లిఫ్ట్ ఎక్కని నేనెందుకు కట్టాలె?" అనొచ్చు. 'మెయింటెనెన్స్' అన్న మాటకు ఇద్దరి దగ్గరా ఒకే అర్థం లేదు.

నాకు మాత్రం ఇక్కడ బ్రిటిష్ తత్త్వవేత్త రాయ్ భాస్కర్ పనికొస్తాడు. 1975 నుంచీ ఆయన వాదన ఇదే: కంటికి కనబడేదాని కింద, దాన్ని పుట్టించే యంత్రాంగం ఒకటుంటుంది. మన మీమాంసా తత్త్వవేత్తల అర్థాపత్తి, అంటే కనిపించే రెండు విషయాలు పొసగాలంటే కనిపించనిది ఏముండాలో ఊహించడం, దీనికి దగ్గరి చుట్టం. దేవదత్తుడు పగలు తినడు, అయినా లావుగా ఉన్నాడు. అయితే రాత్రి తింటూ ఉండాలి. అలాగే అడుగు: అందరికీ లిఫ్ట్ కావాలి, అయినా డబ్బులు పోగవడం లేదంటే, కింద ఏముండి ఉండాలి? లాటరీ తీసి, ముఖపరిచయం లేనివాళ్లను ఒకే బ్లాకులో పెట్టడమా? అద్దెలు రాని చోట యజమాని ఎవరో తేలకపోవడమా?

ఈ చివరి ప్రశ్న దగ్గర కాస్త ఆగు. నువ్వు చదువుతున్న బ్రిటిష్ పుస్తకాల్లో సామాజిక గృహాలంటే అద్దె ఇళ్లు. అద్దె తీసుకునే కౌన్సిలో హౌసింగ్ అసోసియేషనో ఉంటుంది. గోడలు, పైకప్పు, నీళ్ల గొట్టాలు బాగుచేయించే బాధ్యతను అక్కడి 1985 నాటి యజమాని-అద్దెదారు చట్టం దాని మెడకు కట్టింది. మన దగ్గర ఇల్లు ఉచితం, నెల నెలా అద్దె అడిగేవాడు లేడు. 'నిర్వహణ' అనే మాటను అక్కణ్ణుంచి తెచ్చి ఇక్కడ నాటితే, లేని యజమానిని వెతుక్కుంటూ ఓ ఏడాది పోతుంది.

అట్లాగని భాస్కర్‌ని నా మొహమాటానికి తీసుకోకు. నీ ప్రశ్న 'ఎన్ని' అయితే లెక్కలు చాలు. 'వాళ్లకది ఏమిటి' అయితే వినడం చాలు. 'ఎందుకిలా' అన్నప్పుడే ఆయన.

ఆదివారం కొల్లూరు పోతున్నావుగా, లిఫ్ట్ నడుస్తున్నా మెట్లే ఎక్కు. ఏ అంతస్తు దగ్గర ఆయాసం వచ్చిందో రాసుకో. తిరిగొచ్చాక ఆ బొమ్మ తీసేసిన మూడో అధ్యాయం నాకు పంపించు.